పసిపిల్లల ఆటల పీరియడ్‌లో ఆడేది తక్కువ, నిలబడేది ఎక్కువ

సంపాదకులు గారికి,

నమస్కారం. జూన్‌లో బడులు తెరిచే ముందు ఏటా పత్రికల్లో ఫీజుల గురించి, పాఠ్యపుస్తకాల సరఫరా గురించి, యూనిఫాం కుట్టుకూలి గురించి, స్కూలు బస్సుల ఫిట్‌నెస్ గురించి వార్తలు వస్తాయి. అవన్నీ రావలసినవే. కానీ అంగన్‌వాడీలో, నర్సరీలో, ఎల్‌కేజీ, యూకేజీల్లో ఉండే మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు బడిలో ఉన్న సమయంలో ఎంతసేపు ఒళ్లు కదిలించి ఆడుతున్నారన్న ప్రశ్న మాత్రం ఎక్కడా కనిపించదు. గుంటూరు జిల్లాలో చాలాకాలం అంగన్‌వాడీ కేంద్రాల పర్యవేక్షకురాలిగా పనిచేసి, ఇప్పుడు మనవల చదువు కోసం ప్రైవేటు బడుల మెట్లెక్కి దిగుతున్న దానిని కాబట్టి, ఈ విషయం మీద నాకు తెలిసిన నాలుగు మాటలు రాయడానికి మీ పత్రికలో చోటు కోరుతున్నాను.

ఆటలు ఆడించడం లేదన్నది నా ఫిర్యాదు కాదు. చాలా బడుల టైంటేబుల్‌లో ఆటల పీరియడ్ ఉంది. ఆ పీరియడ్‌లో జరిగేది చూస్తేనే బాధ కలుగుతుంది. ముప్పై మంది పిల్లలు వరుసలో నిలబడతారు. టీచరమ్మ దగ్గర ఒకే ఒక్క బంతి ఉంటుంది. ఒక్కొక్కరు ముందుకు వచ్చి దాన్ని బుట్టలోకి విసిరి, మళ్లీ వెళ్లి వరుస చివర నిలబడతారు. అరగంటను ముప్పై మందికి పంచితే ఒక్కొక్కరికి దక్కేది ఒక్క నిమిషం. మిగిలిన సమయమంతా "కదలకు, లైన్‌లో ఉండు" అన్న మందలింపు వింటూ నిలబడటమే. కుర్చీలాట ఇంతకంటే అన్యాయం. పాట ఆగేసరికి కుర్చీ దొరకని పిల్ల ఔట్. ముందుగా ఔటయ్యేది ఎవరు? ఒళ్లు ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాని పిల్ల, అడుగు తడబడే పిల్లవాడు, నలుగురిని తోసుకుని పోవడానికి బిడియపడేవాళ్లు. ఎవరికి కదలిక అందరికంటే ఎక్కువ అవసరమో వాళ్లే అందరికంటే ముందు గోడకు ఆనుకుని కూర్చుంటారు. అప్పటికే చురుగ్గా ఉన్న ఇద్దరు ముగ్గురు చివరిదాకా పరుగెడతారు, చప్పట్లూ వాళ్లకే పడతాయి. ఎనిమిది, తొమ్మిదేళ్లు వస్తే పోటీలో ఉన్న రుచి పిల్లలకు తెలుస్తుంది, ఓడినా మర్నాడు మళ్లీ పంతం పట్టి ఆడతారు. నాలుగేళ్ల పిల్లకు తెలిసేది తనను ఆటలోంచి తీసేశారన్నది మాత్రమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదేళ్ల లోపు పిల్లల కోసం 2019లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు విడుదల చేసింది. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా కదులుతూ ఉండాలనీ, అందులో కనీసం 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కి ఊపిరి వేగం పెరిగేటంత ఉత్సాహంగా ఆడాలనీ, కదలకుండా తెర ముందు కూర్చోవడం గంటకు మించరాదనీ అందులో ఉంది. మూడు గంటలు అనగానే తల్లిదండ్రులు బెంబేలెత్తనక్కరలేదు, ఎందుకంటే నడక, మెట్లెక్కడం, పెరట్లో కుక్కపిల్ల వెంట తిరగడం, చెంబుతో మొక్కలకు నీళ్లు పోయడం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అయితే మన పిల్లల దినచర్య చూడండి. పొద్దున్నే ఆటోలో ఇరుక్కుని కూర్చోవడం, బడిలో బల్ల మీద కూర్చోవడం, సాయంత్రం మళ్లీ ఆటో, ఇంటికి రాగానే హోంవర్క్ ముందు కూర్చోవడం, అన్నం తినిపించడానికి చేతికిచ్చిన ఫోను ముందు కూర్చోవడం. ఫోనులో రైమ్ చూస్తూ భుజాలు కాస్త ఊపితే డాన్సు చేస్తున్నాడని మురిసిపోతున్నాం. బడి తన వంతు గంటన్నర ఇవ్వకపోతే మిగిలిన రోజులో ఆ మూడు గంటలు ఎక్కడినుంచి వస్తాయి?

ఊళ్లలో పిల్లలు తమంతట తాము ఆడుకున్న రోజుల్లో వరుసలు, ఔట్‌ల చిక్కును వాళ్లే విప్పుకున్నారు. దాగుడుమూతలో, నేలా బండో, నాలుగు స్తంభాలాటో పెద్దపిల్లలు ఆడుతుంటే వెంటపడి వచ్చిన చెల్లెలినో తమ్ముణ్ణో "ఆటలో అరటిపండు" అని చేర్చుకునేవారు. పంట వేసేటప్పుడు ఆ చిన్నదాని చెయ్యి కూడా అందరి చేతులతో పాటు ఉంటుంది గానీ దొంగ పెట్టరు. పట్టుబడినా పట్టుబడినట్టు కాదు. అందరితో పాటు పరుగెడుతుంది, దాక్కుంటుంది, తనను ఎవరూ వెతకకపోయినా తనంతట తానే బయటికి వచ్చి కేరింతలు కొడుతుంది. ఏడాదో రెండేళ్లో అలా తిరిగాక అసలు ఆటలోకి వచ్చేది. ఇప్పుడు వయసుల వారీగా పిల్లలను గదులుగా విడదీశాం కాబట్టి, పూర్వ ప్రాథమిక తరగతిలో ఉన్న పిల్లలందరినీ అరటిపండ్లే అనుకుని ఆట నడపాలన్నది నా మనవి. పాత ఆటలన్నీ గొప్పవని నేను అనడం లేదు. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ఒకరి వెనక గుడ్డ వేసే ఆటలో ఇరవై మంది కూర్చుంటే పరుగెత్తేది ఇద్దరే. ఆట పాతదా, కొత్తదా అన్నదాని కంటే ఒకేసారి ఎంతమంది కదులుతున్నారన్నదే చూడాలి.

స్థలం లేదన్న మాట కేంద్రాల్లో తరచూ వినేదాన్ని, అది సాకు కాదు. అద్దె ఇంట్లో ఒకే గది, మూలన బియ్యం బస్తాలు, గుడ్ల ట్రేలు, ఒక పక్కన గ్యాస్ పొయ్యి, మధ్యలో చాప. ఉద్యోగకాలంలో నేను చూసిన వాటిలో అన్నిటికంటే మంచి ఆట అలాంటి గదిలోనే జరిగింది. ఆ టీచరు ముందుగా పప్పు దింపించి, సిలిండరు కట్టేయించి, చాప చుట్టబెట్టి, ఒక స్టీలు పళ్లెం, గరిటె పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. గరిటెతో నెమ్మదిగా ఒక్కో దెబ్బ వేస్తుంటే పిల్లలు ఏనుగుల్లా బరువుగా అడుగులు వేస్తూ గదంతా తిరగాలి. వేగం పెంచితే ఎలుకల్లా చిట్టి చిట్టి అడుగులతో, ఎవరికీ తగలకుండా పరుగెత్తాలి. చప్పుడు ఆగిందా, ఎక్కడివాళ్లు అక్కడ, ఏ భంగిమలో ఉంటే ఆ భంగిమలోనే బిగిసిపోవాలి. ఒక పిల్లవాడు ఒంటికాలి మీద ఆగిపోయి, ఊగి ఊగి, నవ్వు ఆపుకోలేక కింద పడ్డాడు. ఆమె ఔట్ అనలేదు, "లే నాన్నా, ఏనుగొస్తోంది" అని మళ్లీ పళ్లెం మోగించింది. కాసేపటికి, ఎవరితోనూ పెద్దగా మాట్లాడని ఒక పిల్లను పిలిచి గరిటె ఆ పిల్ల చేతికిచ్చింది. గదిలో ఉన్న వాళ్లందరూ తన గరిటె ఎలా చెబితే అలా నడుస్తున్నారని అర్థమయ్యేసరికి ఆ పిల్ల కావాలనే పళ్లెం దగ్గరిదాకా గరిటె తెచ్చి కొట్టకుండా ఆపడం మొదలుపెట్టింది. పది నిమిషాల్లో అందరికీ చెమటలు పట్టాయి. ఖర్చు సున్నా.

ఆ ఆటలో ఉన్న చదువు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అది కాలక్షేపమనుకుంటారు. చప్పుడు తేడాను చెవితో పట్టుకోవడం, దానికి తగ్గట్టు అడుగు మార్చుకోవడం, పక్కవాడికి ఎంత దూరంలో ఉన్నామో చూసుకోవడం, పరుగెత్తాలని ఒళ్లంతా ఉవ్విళ్లూరుతుంటే ఆపుకోవడం అందులో ఉన్నాయి. రేపు ఒకటో తరగతిలో టీచరు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగి వినాలన్నా పిల్లకు కావలసింది ఆ నిగ్రహమే. "కదలకుండా కూర్చో" అని వందసార్లు చెబితే అది రాదు. కదలడం, ఆగడం రెండూ కలిసిన ఆటలోనే వస్తుంది.

తొక్కుడుబిళ్ల పసిపిల్లలకు పనికిరాదని కొందరు అంటారు. పెద్దపిల్లలు ఆడే తీరులో పనికిరాని మాట నిజమే. ఒంటికాలి మీద గెంతుతూ, గీత తొక్కకుండా, బిళ్లను కాలితో నెట్టుకుంటూ పోవడమంటే మూడు పనులు ఒక్కసారే చేయడం. మూడేళ్ల పిల్లకు రెండు కాళ్లు కలిపి గెంతడం వస్తుంది. నాలుగేళ్లకు ఒంటికాలి మీద కొన్ని క్షణాలు నిలబడగలుగుతుంది, ఆ తర్వాత ఒంటికాలి గెంతు నిలకడగా వస్తుంది. పిల్లల్లో కొంత ముందువెనకలు సహజం. కాబట్టి బిళ్ల తీసేసి, గళ్లు మూరెడు వెడల్పున పెద్దవిగా గీసి, ముందు రెండు కాళ్లతో గెంతించాలి. కొన్నాళ్లకు ఒక గడిలో రెండు కాళ్లు, మరో గడిలో ఒక కాలు. బిళ్ల సంగతి ఆరేళ్లు వచ్చాక చూసుకోవచ్చు. ఒకే ఆటగీత గీసి ముప్పై మందిని దాని ముందు నిలబెడితే మళ్లీ బంతి కథే అవుతుంది గనుక ఆరేడు చోట్ల గీయాలి. సుద్దముక్క చాలు, లేదా ముగ్గు. మాంటిస్సోరి పద్ధతిలో నేల మీద గీసిన దీర్ఘవృత్తం వెంట పిల్లలను నడిపించే అభ్యాసం ఒకటుంది. దాన్ని రూపొందించిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన తర్వాత ఆ పద్ధతి మన దేశంలో బాగా వ్యాపించింది. దానికోసం ఖరీదైన బడికి పోనక్కరలేదు. వాకిట్లో మెలికల ముగ్గు వేసి, గీత దాటకుండా పాదం ముందు పాదం వేస్తూ తిరిగి రమ్మంటే అదే సాధన అవుతుంది. చేతిలో నీళ్ల గ్లాసు పెడితే ఇంకా రంజుగా ఉంటుంది.

ఇక తల్లిదండ్రుల బెంగ. "ఆటలకు పంపితే రాత వెనకబడదా అమ్మా?" అని అడగని తల్లి లేదు. కష్టపడి ఫీజు కట్టే మనిషి నోట్‌బుక్‌లో నాలుగు అక్షరాలు చూడాలనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే పెన్సిల్ పట్టుకునేవి వేళ్లే అయినా, ఆ వేళ్లు నిలకడగా కదలాలంటే భుజం, మోచెయ్యి, మణికట్టు గట్టిపడాలి. కప్ప గంతులో, వెనక్కి చేతులు ఆన్చి నడిచే పీత నడకలో ఒంటి బరువు చేతుల మీద పడుతుంది, తాడు పట్టుకుని వేలాడినా అంతే. నాలుగు పేజీల కాపీ రైటింగ్ చెయ్యలేని బలాన్ని అవి చేకూరుస్తాయి. 2022లో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలు ఉండరాదని స్పష్టంగా చెప్పింది, ఆటనే బోధనకు మూలంగా పెట్టుకోమంది. అయినా ఈ మధ్య ఒక ప్రైవేటు బడిలో (పేరు అనవసరం) ఎల్‌కేజీ పిల్లలకు ఆటల సమయం ఎంత అని అడిగితే, "వారంలో రాతపని పూర్తిచేసిన వాళ్లను శుక్రవారం గ్రౌండ్‌కు పంపుతాం" అని గర్వంగా చెప్పారు. రాత పూర్తికాని పిల్లవాడు ఎవరు? కుదురుగా కూర్చోలేనివాడు, చేతిలో ఇంకా పట్టు రానివాడు. వాడికే ఆట బంద్. ఆటను బహుమతిగా ఇచ్చినా, శిక్షగా తీసేసినా నష్టపోయేది ఆ పిల్లవాడే.

చట్టం కూడా ఇక్కడ పెద్దగా ఆదుకోదు. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలులో ప్రతి బడికి ఆటస్థలం, ఆట వస్తువులు ఉండాలని రాశారు గానీ, అది ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల చట్టం. మూడేళ్ల వాళ్ల విషయంలో ప్రభుత్వాలు ఏర్పాట్లు చేయవచ్చునన్న మాటతో సరిపెట్టింది. అందుకే అపార్టుమెంటు సెల్లారులోనూ, దుకాణాల పై అంతస్తులోనూ ప్లేస్కూలు బోర్డులు కనిపిస్తాయి. పేరులోనే ప్లే ఉంటుంది.

అంగన్‌వాడీ టీచర్ల మీద భారం మోపుతున్నానని ఎవరూ అనుకోకూడదు. అంగన్‌వాడీలను నడిపే, 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో పూర్వ ప్రాథమిక విద్య మొదటినుంచీ ఒక సేవ. కానీ గుడ్లు, పాలు, బాలామృతం లెక్కలు, పిల్లల బరువులు, ఎత్తులు, గర్భిణుల నమోదు, ఫోనులో యాప్‌లు అన్నీ అయ్యాక మిగిలిన సమయమే దానికి దక్కుతూ వచ్చింది. 2023లో వచ్చిన "పోషణ్ భీ, పఢాయీ భీ" (పోషణతో పాటు చదువూ) కార్యక్రమం, 2024లో వచ్చిన పూర్వ ప్రాథమిక పాఠ్యప్రణాళిక "ఆధారశిల" ఆట ద్వారా విద్య అన్నదాన్ని మళ్లీ ముందుకు తెచ్చాయి, సంతోషమే. పర్యవేక్షణకు వచ్చే అధికారి మాత్రం ఇప్పటికీ రిజిస్టరు అడుగుతారు, యాప్‌లో ఎంట్రీ అడుగుతారు. "ఈ పూట పిల్లలు ఏం ఆడారు, ఒకసారి ఆడించండి చూస్తాను" అని అడిగేవారు అరుదు. పై అధికారి ఏది అడిగితే కింద అది జరుగుతుందన్నది ఉద్యోగం చేసిన వాళ్లందరికీ తెలిసిన సంగతే.

దుస్తుల గురించి రాయడం చిల్లరగా అనిపించవచ్చు గానీ రాయక తప్పదు. మూడేళ్ల పిల్లకు బెల్టు, టై, మేజోళ్లు, బిగుతు బూట్లు వేసి పంపుతున్నాం. ఆ బూట్ల అడుగు నున్నగా ఉండి గచ్చు మీద జారుతుంది. ఇక ఆడపిల్ల గెంతబోతే "గౌను సర్దుకో" అన్న అదిలింపు నాలుగేళ్లకే మొదలవుతుంది. నిక్కరో, వదులు పైజామానో వేసి, శుభ్రం చేసిన నేల మీద వట్టికాళ్లతో ఆడించడం అన్నివిధాలా మేలు. కాలివేళ్లు నేలను పట్టుకోవడం అప్పుడే నేర్చుకుంటాయి. నడవలేని, సరిగా వినలేని పిల్లలు తరగతిలో ఉంటే ఆటలప్పుడు వాళ్లను టీచరు పక్కన కుర్చీలో కూర్చోబెట్టడం ఇంకొక అలవాటు. పళ్లెం ఆటలో వినపడని పిల్లవాడికి రంగు గుడ్డ ఊపి చూపవచ్చు. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లకు ఏనుగు అడుగు బదులు తొండం ఊపే పని ఇవ్వవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలకు ఫిజియోథెరపిస్టులు వస్తుంటారు, ఏ పిల్లకు ఏ కదలిక మంచిదో, ఏది వద్దో వాళ్లనడిగితే చెబుతారు.

బడి బయట చోటు సంగతి మరీ అధ్వానం. పురపాలక పార్కుల్లో ఇనుప జారుడుబల్లలు ఎండలో పెడతారు. మార్చి దాటితే పొద్దున పదికే కాలిపోతుంటాయి. పక్కనే ఒక కానుగ చెట్టో వేప చెట్టో నాటి ఉంటే ఆ పరికరం ఏడాదంతా పనికొచ్చేది. తెలంగాణలో 2022 నుంచి గ్రామాల్లో క్రీడా ప్రాంగణాలు ఏర్పాటు చేశారు. వాలీబాల్, ఖోఖో కోర్టులు, లాంగ్‌జంప్ ఇసుక గుంట వంటివి పెద్దపిల్లల కోసం. కానీ ఆ ఇసుక గుంటను మించిన ఆటస్థలం మూడేళ్ల పిల్లలకు లేదు. గెంతినా, పడినా దెబ్బ తగలదు, తవ్వుకోవచ్చు, కాళ్లు పూడ్చుకోవచ్చు. కుక్కలు పాడు చేయకుండా రాత్రిపూట ఒక టార్పాలిన్ కప్పి, ఉదయం ఒక గంట అంగన్‌వాడీ పిల్లలకు కేటాయించడానికి పంచాయతీ తీర్మానం తప్ప మరేమీ అక్కరలేదు.

ఇంకా నడక రాని పసివాళ్ల గురించి ఒక్క మాట. కూర్చోబెట్టి తిప్పే వాకర్ బండ్లు ఇప్పటికీ బారసాల కానుకలుగా వస్తున్నాయి. ప్రమాదాల కారణంగా కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది, అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం కూడా నిషేధం కోరింది. పూర్వం వడ్రంగి చేసిచ్చిన మూడు చక్రాల చెక్కబండిని పిల్ల తన కాళ్ల మీద నిలబడి నెట్టుకుంటూ పోయేది. ఎవరైనా పక్కన ఉండి చూసుకుంటే అందులో ఇబ్బంది లేదు. వాకర్‌లో పిల్ల వేలాడుతుంది.

నేను కోరేవి పెద్ద కోరికలు కావు. పూర్వ ప్రాథమిక తరగతుల్లో ఆట సమయాన్ని మధ్యాహ్నం నిద్రమత్తు వేళకో, శుక్రవారానికో నెట్టకుండా రోజూ మొదటి గంటలో పెట్టాలి. ఒంటిపూట బడుల కాలంలో ఎండ ముదరకముందే అయిపోతుంది కూడా. అంగన్‌వాడీల్లో నెలనెలా జరిపే ఈసీసీఈ (పసిపిల్లల సంరక్షణ, విద్య) దినాన తల్లులకు ఉపన్యాసం తగ్గించి, పిల్లలతో పాటు వాళ్లనూ పళ్లెం చప్పుడుకు నడిపించాలి. ఆ పది నిమిషాల ఆయాసంతో వాళ్లకే విషయం అర్థమవుతుంది. వార్షికోత్సవానికి సినిమా పాట మీద నెలరోజులు అడుగులు నేర్పి, తప్పు చేసే పిల్లలను వెనక వరుసలో దాచే బదులు, తరగతిలో రోజూ ఆడే ఆటనే వేదిక మీద ఆడిస్తే ముందు వరుస, వెనక వరుస అన్న గొడవే ఉండదు. బతుకమ్మకు ముందు ఆడపిల్లలు ఆడే బొడ్డెమ్మలో అందరూ ఒకే వలయంలో వంగుతూ, చప్పట్లు కొడుతూ తిరగడం లేదా?

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఆదివారం పిల్లల పేజీలో చుక్కలు కలపడం, తేడాలు కనుక్కోవడం ఎలాగూ ఉంటాయి, అవి కూర్చుని చేసేవి. వారానికొక ఆట చొప్పున, ఔట్ అన్న మాట లేకుండా అందరూ ఒకేసారి కదిలే ఆటలను పాఠకుల నుంచి సేకరించి వేయండి. ఎంతమంది ఆడవచ్చు, ఎంత చోటు కావాలి, ఇంట్లో ఉన్న ఏ వస్తువు సరిపోతుంది అన్నవి తప్పక రాయమనండి. శ్రీకాకుళంలో ఒక తీరున, పాలమూరులో మరో తీరున ఆడే ఆటలు చాలానే ఉంటాయి. పళ్లెం, గరిటె ఆటను మొదటి వారానికి నేను పంపగలను.

ఇట్లు,
విశ్రాంత అంగన్‌వాడీ పర్యవేక్షకురాలు,
తెనాలి